రాగి పలక మీద కుంకుమ బొట్టు

స్వరూప కోసే చక్రాన్ని మిషన్ నుంచి ఊడదీసి తన టిఫిన్ సంచిలో వేసుకుంది. చాటుగా కాదు, అందరూ చూస్తుండగానే. ఆమె చుట్టిన కాయిల్‌ను అడ్డంగా కోసి లోపల తప్పెక్కడుందో వెతకాలని ఆ పొద్దున మా కంపెనీలో తీర్మానమైంది. చక్రం లేకుండా ఎలా కోస్తారో చూద్దామని ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"ముందు నా సుట్టుల తప్పున్నదని చూపియ్యుండ్రి. గప్పుడు నేనే కోస్త," అంది.

నేను ఆ కంపెనీలో స్టోర్స్ చూసుకుంటాను. పేరు వాసవాంబ, అక్కడ అందరికీ వాసవక్కను. బోల్టులూ, రబ్బరు వలయాలూ, స్పిరిట్ సీసాలూ నా తాళం కిందే ఉంటాయి. నా నోరు మంచిది కాదని మా బేగంబజార్‌లో పేరుంది, నేనూ కాదనను. అలాంటి నేను కూడా స్వరూప నోరు విప్పితే కుర్చీ దగ్గరికి లాక్కుని వింటాను.

ఆమెది పాతబస్తీలో శాలిబండ. బాలనర్సింహ పాల ఇల్లు అంటే ఆ సందులో ఎవరైనా చూపిస్తారు. ముందు గదుల్లో మనుషులు, వెనక కొట్టంలో బర్రెలు. ఊరు ఎంత పెరిగినా, చుట్టూ ఎన్ని అంతస్తులు లేచినా, ఆ కొట్టం మాత్రం అలాగే ఉంది. బర్రె ఎదకు వచ్చినప్పుడు సూది వేయడానికి ఒక మనిషి స్కూటర్ మీద పెద్ద అల్యూమినియం డబ్బా కట్టుకుని వచ్చేవాడు. మూత తీస్తే తెల్లటి పొగ నేల మీదికి జారేది. లోపల ఉన్నది ద్రవ నైట్రోజన్. మేలుజాతి దున్నల వీర్యం పాడుకాకుండా ఆ చలిలో దాచేవారు. చిన్నప్పుడు స్వరూప ఒకసారి బంతిపువ్వును దారానికి కట్టి అందులో ముంచి తీసింది. పువ్వును నేలకేసి కొడితే పెంకులైంది. తర్వాత వేలు కూడా పెట్టబోయింది. తండ్రి వీపు మీద ఒక్కటి ఇచ్చాడు.

"దెబ్బ యాదికి లేదక్కా. పువ్వే యాదికున్నది," అని ఇప్పటికీ చెబుతుంది.

దీపావళి దాటాక వాళ్ల వాళ్లు సదర్ పండుగ చేస్తారు. దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, పూలదండలతో వీధిలో తిప్పుతారు. తాడు పట్టేది మగవాళ్లే. ఒక ఏడు తీన్మార్ డప్పు దెబ్బకు వాళ్ల దున్న బెదిరి జనం మీదికి తిరిగితే, అరుగు మీదున్న స్వరూప దూకి తాడు అందుకుంది. దున్న ఆగింది. పెద్దమనుషులు మాత్రం ఆగలేదు, ఆడపిల్ల తాడు పట్టిందని పెద్ద లొల్లి చేశారు. "తాడు పేనినోడు గిది మగోళ్లకే అని పేనిండా?" అని ఆమె వాళ్లనే అడిగింది. తండ్రి బాలనర్సింహ తలదించుకున్నాడని వాళ్లంటారు. నవ్వు ఆపుకోలేక దించుకున్నాడని స్వరూప అంటుంది.

ఐటీఐ చదివి మా దగ్గర మోటార్ల వైండింగ్‌కు చేరింది. మా కంపెనీ పాతబస్తీ దాటీ దాటకముందే, కాటేదాన్ వైపు ఉంటుంది. యజమాని వివేక్ తండ్రిది బేగంబజార్‌లో రాగి, ఇత్తడి సామాన్ల దుకాణం. కొడుకు రాగి గిన్నెల నుంచి రాగి తీగకు, అక్కడి నుంచి అయస్కాంతాలకు వచ్చాడు. ఒక పరిశోధన కేంద్రం కంటికి కనిపించని కణాలను మహా వేగంతో పరుగెత్తించే యంత్రాన్ని కడుతోంది. ఆ కణాలు దారి తప్పకుండా వంచి తిప్పడానికి బలమైన అయస్కాంతాలు కావాలి, అవి మా కంపెనీ చేసిస్తోంది. వాటి కాయిల్ మామూలు తీగతో చుడితే సరిపోదు. సూపర్‌కండక్టర్ తీగ కావాలి. దాన్ని ద్రవ హీలియంలో ముంచితే, నైట్రోజన్ చలి కూడా వెచ్చన అనిపించేంత చలిలో, ఆ తీగ కరెంటును ఏ అడ్డూ లేకుండా మోస్తుంది.

ఆ తీగ చుట్టడం అందరి వల్లా కాదు. బిగువు ఎక్కువైతే తీగ దెబ్బతింటుంది. తక్కువైతే, కరెంటు పారినప్పుడు చుట్టు కదిలి వేడి పుడుతుంది. ఆవగింజంత చోట వేడి పుట్టినా చాలు, అక్కడ తీగ మామూలు తీగైపోతుంది, రెప్పపాటులో ఆ వేడి కాయిలంతా పాకుతుంది. కరెంటు కోసేయాలి, హీలియం కొంత బుస్సుమని ఆవిరైపోతుంది. దాన్ని మావాళ్లు క్వెంచ్ అంటారు. కొత్త కాయిల్ మొదట్లో అలా ఆగడం తప్పు కాదు. ఆగిన ప్రతిసారీ చుట్లు కాస్త సర్దుకుంటాయి, మరోసారికి మునుపటికన్నా ఎక్కువ కరెంటు మోస్తాయి. మొదటి ఏడు డప్పుకు బెదిరిన దున్న మరుసటి ఏడు చెవి కూడా కదపదని స్వరూప దానికి అర్థం చెప్పేది.

కానీ ఈ కాయిల్ నేర్చుకోవడం లేదు. ఎన్నిసార్లు కరెంటు పెంచినా సరిగ్గా ఒకే చోట ఆగుతోంది, అదీ చేరాల్సిన దానికి సగంలో. పరీక్షలు చూసే ఇంజినీరు డానియేలు తెర మీద గీతలు చూపించాడు. వేడి పుడుతున్నది కాయిల్ చివర్లో, ఆఖరి చుట్టు వైపు. చుట్టింది స్వరూప. అంతే, వేలు చూపడానికి ఇంకేం కావాలి?

వివేక్ చెడ్డవాడు కాదు. పాము చావకుండా కర్ర విరగకుండా పని కానిచ్చే రకం. "నిన్నేం తీసేస్తలేను స్వరూపా. కాయిల్ కోసి చూస్తం. అందాక నువ్వు ప్యాకింగ్ చూస్కో. చుట్టుడు వేరేవాళ్లు చేస్తరు," అన్నాడు. అందాక అంటే ఎందాకో మా కంపెనీలో అందరికీ తెలుసు. ప్యాకింగ్‌కు పోయినవాళ్లు మళ్లీ చుట్టే బల్ల దగ్గరికి రావడం నేను చూడలేదు.

"ప్యాకింగ్ తక్కువ పనని నేను అంటలే సార్. చెయ్యని తప్పుకు మాత్రం పోను," అంది స్వరూప. చక్రం ఊడదీసింది అప్పుడే.

భోజనాల వేళ నా గదికి వచ్చి తలుపు వేసింది.

"అక్కా, దసరా నాడు నువ్వు గూడ ఆడనే ఉన్నవ్ కదా?"

ఉన్నాను. ఆమె ఏమడుగుతోందో నాకు తెలుసు, అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నదే తేలలేదు.

దసరాకు మా కంపెనీలో ఆయుధ పూజ వివేక్ తల్లి విమలాదేవి చేస్తుంది. భర్త పోయిన ఏడు, ఆమె పళ్లెం పట్టుకుని లేవగానే ఆడబిడ్డ కళావతి అడ్డం వచ్చింది. "ఇంట్ల ఇంతమంది ముత్తయిదువలు ఉండంగ నీ చెయ్యేంది వదినా?" అంది. విమలాదేవి గొంతు పెంచలేదు. "దుకాణంల రాగి తూకం ఏసినప్పుడు గిదే చెయ్యి పనికొచ్చింది కదా," అని అత్తింటివాళ్లందరి ముందే లేత్ మిషన్‌కు మొదటి బొట్టు పెట్టింది. ఆ రోజు నాకు ఈల వేయాలనిపించింది. అప్పటి నుంచి ఏటా ఆమె చెయ్యే. ఇనుము మీద రాలిపోకుండా కుంకుమను నువ్వుల నూనెలో కలపడం వాళ్ల దుకాణంలో నేర్చిన అలవాటు.

ఈ దసరాకు కాయిల్, హీలియం నింపి పరీక్షించే పీపా మూతకు వేలాడుతోంది. దాని తీగ చివర్లు రెండు రాగి పలకలకు అతికి ఉన్నాయి. కరెంటు తెచ్చే పలకల్ని వాటికి ఆనించి బోల్టులతో బిగిస్తారు. తళతళలాడే ఆ పలకలు చూసి రాగి ఇంటి కోడలికి చెయ్యి ఆగలేదు. చెరొక నిండు బొట్టు పెట్టింది.

మర్నాడు మా కుర్రాళ్లు వాటిని స్పిరిట్‌తో కడగాలి. అమ్మ పెట్టిన బొట్టు మీద సారా వాసన కొట్టేది పోయాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త గుడ్డ తెచ్చి, కళ్లకద్దుకుని, పొడిగా తుడిచారు. ఎరుపు పోయింది. నూనె ఎక్కడికి పోతుంది? దాని మీదే పలకలు బిగించారు. రాగి రాగిని సరిగ్గా తాకని చోట కరెంటు పారితే వేడి పుట్టదా? ఆ పలక ఆఖరి చుట్టుకు జానెడు దూరంలోనే ఉంది. తెర మీది గీతకు ఆ రెండింటికీ తేడా తెలియదు.

డానియేలును అంతకుముందే నేను పట్టుకుని అడిగాను. తల గోక్కున్నాడు. "నాకు డౌటుంది అక్కా. కానీ నా పేరు డానియేలు. నేను కుంకుమ అని నోరు తెరిస్తే వీళ్లు కాయిల్ సంగతి వింటరా?" అన్నాడు.

స్వరూపతో మాత్రం వాదించాను. "ఆ మాట బయట పడితే కళావతి డప్పు కొట్టి ఊరంతా చెప్తది. విధవ చెయ్యి పెట్టింది, కాయిల్ కూలింది అంటది. వచ్చే దసరాకు ఆమెను పళ్లెం ముట్టనిస్తరా?"

"నాకు తెల్వదా అక్కా? గందుకే మీటింగుల అనలే," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "ఆమె చెయ్యి కాపాడనీకి నా చెయ్యి కోసుకోవాల్నా? మీరంతా కలిసి మంచోళ్లయితున్రు, నేనొక్కదాన్ని తప్పుదాన్ని అయితున్న. నడువు, ఆమెకే చెప్దాం."

షేర్ ఆటోలు మారి బేగంబజార్ చేరాం. దుకాణం మీది ఇంట్లో విమలాదేవి చింతపండుతో రాగి చెంబు తోముతోంది. కళావతి పక్కనే దివాన్ మీద ఉంది. వెనక్కి పోదామని నేను స్వరూప కొంగు లాగాను. ఆమె లాగించుకోలేదు.

"అమ్మా, ఒక మాట చెప్పాలె. మీకు కోపం రావొచ్చు. వచ్చినా చెప్పే పోత."

"కూసొని చెప్పు బిడ్డా. నిలబడి చెప్తే కొట్లాట లెక్కుంటది."

కూర్చుని చెప్పింది. పలక, బొట్టు, నూనె, పొడి గుడ్డ, కోత, ప్యాకింగ్, ఏదీ దాచలేదు. చెప్పడం పూర్తి కాకుండానే కళావతి లేచింది.

"ఏడేండ్ల నుంచి మొత్తుకుంటున్న! ఆ చెయ్యి శుభానికి పెట్టొద్దని! విన్నరా ఎవరన్న?"

స్వరూప ఆమె వైపు తిరిగింది. "మీరు జర ఆగుండ్రి. నేను చెయ్యి అన్ననా? నూనె అన్న. మీరు పెట్టినా గిట్లనే ఆగుతుండె. పంతులు పెట్టినా ఆగుతుండె. మీ ఇంట్ల ముత్తయిదువలంతా లైను కట్టి పెడితే ఇంకా జల్ది ఆగుతుండె! ముత్తయిదువ ఎవరో, మొగుడు పోయినామె ఎవరో కాయిల్‌కు తెల్వదు. జిడ్డు తెలుస్తది, అంతే."

నాకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను. విమలాదేవి నవ్వలేదు. తోముతున్న చెంబు కింద పెట్టి చేతులు చూసుకుంది.

"కళాయి పెట్టెటోడు మొదలు ఏం జేస్తడు కళావతీ?" అంది. "గిన్నె జిడ్డు పోయేదాక కాలుస్తడు, రుద్దుతడు. జిడ్డుంటే తగరం అంటది. జన్మంతా రాగి అమ్మిన ఇంట్ల ఉండి నాకు గా సోయి లేకపాయె."

"తగరం అంటది" అన్నాక మళ్లీ సర్దుకుని, "అంటదు, అంటనే అంటదు" అని తల అడ్డంగా ఊపింది. మాట తడబడేంత కోపం ఆమెలో అప్పుడే నాకు కనిపించింది. ఆ కోపం స్వరూప మీద కాదు, నా మీద.

"వాసవా, నువ్వు చూసినవ్. డానియేలు చూసిండు. నా కొడుకు గూడ చూసే ఉంటడు. ఒక్కలన్న వచ్చి, అమ్మా ఆడ పెట్టకు అని ఎందుకు చెప్పలే? జాలా? మొగుడు పోయినదాని మీద జాలిపడి, ఈ పిల్ల పని గుంజుకుంటరా? నేనేమన్న గాజు బొమ్మనా?"

ఆమె కింద పెట్టిన చెంబు తీసుకుని మిగతాది నేను తోమాను.

మర్నాడు పొద్దున్నే ఆమె కంపెనీకి వచ్చింది. ఏం జరుగుతుందో చూద్దామని కళావతి కూడా వెంట వచ్చింది. పీపా మూత పైకి లేపించి, బోల్టులు విప్పించింది. కుర్రాళ్లు స్పిరిట్ సీసా పట్టుకుని ఆమె మొహమే చూస్తున్నారు.

"ఇటు తే. పెట్టినదాన్ని నేను, తుడిచేదాన్నీ నేనే."

చేతితొడుగులు వేసుకుని, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒక పలక రుద్దింది. గుడ్డ మీద గోధుమరంగు మరక వచ్చింది. ఇంకో గుడ్డతో రుద్దితే లేత ఎరుపు. ఆ గుడ్డను మడిచి కొడుకు చేతిలో పెట్టింది. మరక రాని గుడ్డ వచ్చేదాకా ఆపలేదు. తర్వాత పలకల్ని స్వరూప బిగించింది, డానియేలు ప్రతి బోల్టూ సరిచూశాడు.

"హీలియం ఇంకొక్కసారి పీపా నింపేంతే ఉన్నదమ్మా," అన్నాడు వివేక్. "ఇప్పుడు కూడా ఆగితే..."

"ఆగితే కోసుకో," అంది స్వరూప. "చక్రం నా దగ్గర్నే ఉన్నది."

పీపా చల్లబడటానికి ఆ రోజంతా పట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి కరెంటు పెంచడం మొదలైంది. తెర మీద గీత మెల్లగా ఎక్కుతోంది. పాత చోటు దగ్గర పడింది. గీత ఆ చోటును దాటింది, ఆగకుండా పోయింది. డానియేలు కుర్చీలోంచి లేచాడు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టబోయేలోగా బుస్సుమని ఆవిరి లేచింది. కాయిల్ ఆగిపోయింది.

"చూసిన్రా!" అంది కళావతి.

స్వరూప తెర దగ్గరికి వెళ్లి వంగి చూసింది. డానియేలు ఆమెకు గీత చూపించాడు. ఈసారి వేడి చివర్లో కాదు, నడుమ, ఎక్కడో లోపలి చుట్లలో. స్వరూప నిటారుగా లేచి గట్టిగా నవ్వింది.

"గిది సర్దుకునుడు సార్! నేర్చుకుంటున్నది. మళ్ల పెంచుండ్రి."

మళ్లీ పెంచారు. ఇంకాస్త పైన ఆగింది. మళ్లీ పెంచారు, ఇంకాస్త పైన ఆగింది. పీపాలో హీలియం అడుగంటుతోందని డానియేలు గొణుగుతూనే మరోసారి పెంచాడు. ఈసారి గీత చేరాల్సిన చోటుకు చేరింది. అక్కడే నిలబడింది. మేమంతా దాన్నే చూస్తూ నిలబడ్డాం. అది కదల్లేదు.

డానియేలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. విమలాదేవి సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. ఒక్కసారిగా అందరం పీపా మూత వైపు చూశాం.

"ఏడ పెట్టాల్నో నువ్వే చెప్పు బిడ్డా," అంది విమలాదేవి.

"ఈడ పెట్టుండ్రి," అని స్వరూప పీపా బయటి పొట్ట చూపించింది. "ఈడ మస్తు జాగ ఉన్నది. ఎంత పెద్దగ కావాల్నంటే గంత పెద్దగ పెట్టుకోండ్రి."

విమలాదేవి అరచేయంత బొట్టు పెట్టింది. అప్పుడు స్వరూప రెండు చేతులూ ముందుకు చాచింది.

"వీటికి గూడ పెట్టుండ్రి అమ్మా. ఇవి గూడ పనిముట్లే. దసరా నాడు అన్నిటికీ పెట్టిన్రు, వీటికి పెట్టలే."

ఆమె ఆ చేతుల మీద చెరొక బొట్టు పెట్టింది. స్వరూప వాటిని తుడుచుకోకుండానే టిఫిన్ సంచిలోంచి చక్రం తీసి వివేక్ ముందు పెట్టింది.

"గిది మీది సార్. రేపు నేను ఏ బల్లకాడ కూసోవాలె?"

"నీ బల్లకాడనే," అన్నాడు వివేక్.

"రేపటిదాక ఎందుకు? కొత్త తీగ ఇయ్యాల్నే వచ్చిందంట," అని ఆమె కుళాయి దగ్గరికి వెళ్లింది. నీళ్లు రావడం లేదు. విమలాదేవి తొట్టిలో చెంబు ముంచి తెచ్చింది. ఆమె నీళ్లు పోస్తుంటే స్వరూప మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, ఆ రెండు బొట్లూ జిడ్డు లేకుండా కడిగేసుకుంది.